బత్తి ఆర్పే మలుపు

గట్టయ్య మలుపు కాడ బండి ఆపద్దు. ఆగినా దిగద్దు. దిగితిమా — ఇగ మన ముచ్చట ఇంకొకలు చెప్పుకోవాల్సిందే. గోదావరిఖనిల బండి తోలెటోడు ఎవ్వడైనా సరే, గేర్లకంటె ముందుగాల గీ ముచ్చట నేర్చుకుంటడు.

ఊరు దాటి కమాన్‌పూర్ దిక్కు పోతాంటె బొగ్గు కంపెనీ రోడ్డొకటి ఉంటది. ఆ రోడ్డు మీద, మూతబడ్డ పాత బొగ్గుబాయి పక్కపొంటి, ఎడమకు ఓ పెద్ద మలుపు. ఒకదిక్కు ఓపెన్‌కాస్టు గనిల తవ్విపోసిన మట్టిగుట్ట. ఇంకోదిక్కు సర్కారు తుమ్మలు. కరెంటు స్తంభం ఉంది గని బుగ్గ ఎలగది. కొత్తది పెడితె వారం తిరగకముందే మాడిపోతది. ఎందుకట్ల అని కరెంటోళ్లను అడిగితె, "మమ్ముల అడుగుతరేంది? పోయి గట్టయ్యను అడుగుండ్రి" అంటరు.

గట్టయ్య ఆ పాత బాయిల పనిచేసిన కార్మికుడు. పంతొమ్మిదేండ్ల కింద, రాత్రి షిఫ్టు చేసి సైకిల్ మీద ఇంటికి పోతాండు. ఎదురుంగ వచ్చిన లారోడు మొఖం మీద పెద్ద లైటు కొట్టిండు. కండ్లు బైర్లు గమ్మినయ్... అంతే. సైకిలొకదిక్కు, మనిషొకదిక్కు.

బాయిల దిగెటోళ్లకు ఓ పద్ధతున్నది. భూమి లోపట కన్ను పొడుసుకున్నా ఏం కానరాదు. నెత్తిమీది టోపీకి ఉన్న బత్తే దిక్కు. ఎదురుంగ ఇంకో మనిషొస్తె మెడ పక్కకు తిప్పి మాట్లాడాలె, మన బత్తి వాని మొఖం మీద పడద్దు. పడిందా — తిట్లే. ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, మొఖం మీద బత్తి కొట్టిండంటె వానికి మనిషి మర్యాద తెల్వదన్నట్టు.

అసొంటిది, గట్టయ్య పానమే మొఖం మీద పడ్డ బత్తితోని పోయె. అందుకే మలుపు కాడ వాడున్నడని, బత్తి కొట్టిన బండిని ఇడిశిపెట్టడని పేరు పడ్డది. పాత డ్రైవర్లు ఆ మలుపు రాంగనే హెడ్‌లైట్లు ఆర్పుతరు. పది లెక్కబెడుతరు... చీకట్లనే తిప్పుతరు... మల్ల ఎలిగిస్తరు. బస్సుల కూసున్నోళ్లు గూడ పది అయ్యేదాక తలకాయ దించుకొనే ఉంటరు. కిటికీలకెల్లి బయటికి సూసే మొనగాడు లేడు.

నవ్వకుండ్రి. పంతొమ్మిదేండ్ల సంది ఆ మలుపు కాడ ఒక్క బండి గూడ బోల్తా కొట్టలే. "ఇంకేం సాక్ష్యం గావాలె?" అంటరు మనోళ్లు. వాళ్లతోని వాదిచ్చి గెలిచినోడు లేడు.

ఇగ... గీ పద్ధతులేం తెల్వని బండొకటి దిగింది.

దసరా ఎల్లినంక అచ్చింది. డ్రైవర్ లేని బస్సు. ఎక్కడ్నో పట్నంల తయారు చేసి, ఆర్నెల్లు నడిపి సూద్దామని ఈడికి తెచ్చిండ్రు. మొదటి షిఫ్టోళ్లను కాలనీలకెల్లి ఎక్కించుకొని ఓపెన్‌కాస్టు గేటు కాడ దించాలె. కరెంటు బండి, పిల్లి నడిచినట్టు పోతది, సప్పుడన్నదే లేదు. నెత్తిమీద డబ్బా అసొంటిది గిర్రగిర్ర తిరుగుతుంటది. చుట్టూ కెమెరాలు. పొగమంచుల, చీకట్ల గూడ ఒంటి వేడిని, ఊపిరి కదలికను బట్టి మనిషిని పట్టుకుంటయట. పట్టుకుంటె ముంగటి తెర మీద మనిషి సుట్టూ పచ్చటి గీతల డబ్బా పడుతది. ఆడపిల్ల గొంతొకటి పుస్తకాల తెలుగుల, లోపట కూసున్నోళ్లకు ఇనబడేటట్టు చెప్తది — "ఎదుట ఒక మనిషి ఉన్నారు. బస్సు ఆగుతున్నది."

స్టీరింగు తనంతల తనే తిరుగుతాంటె, మొదటి దినం ఎక్కినోళ్లల్ల సగం మంది దండం పెట్టుకొని ఎక్కిండ్రు.

"ఏంరా సంపతూ," డ్రైవర్ సీటు దిక్కు సూసి అన్నడు పోశం. ఇంకో రెండేండ్లైతె రిటైరయ్యే మనిషి, పాత బాయిల గట్టయ్య పక్కపొంటి పనిచేసినోడు. "స్టీరింగు తిప్పుతాంది ఎవలు? నువ్వా, మీ తాతనా?"

"కంప్యూటర్ కాకా."

"కంప్యూటర్‌కు లైసెన్సు ఇచ్చిందెవడ్రా? వాన్ని చూపియ్, నా కొడుక్కు గూడ ఇప్పించుకుంట!"

బస్సంత నవ్వింది. సంపత్ గూడ నవ్విండు గని, చేతులను ఏం చెయ్యాల్నో తెల్వక తొడల కింద పెట్టుకున్నడు.

ఎందుకంటె ఆయన డ్యూటీనే గది. డ్రైవర్ సీట్ల కూసోవాలె, బండిని తోలద్దు. ఏదన్న అటుఇటయితె ఓ మీట నొక్కి బండిని చేతిలకు తీసుకోవాలె. ఇరవై రెండేండ్లు ఈ బొగ్గురోడ్ల మీద కిరాయి బస్సులు తోలి తోలి నడుము ఇరిగింది. డాక్టర్ పటం చూపిచ్చి, "పొద్దంత స్టీరింగ్ పట్టినవంటె మంచం పట్టుడే" అన్నడు. ఏడాదిన్నర ఇంట్ల ఖాళీగ కూసున్నడు. భార్య శోభ మిషిను కుట్టి ఇల్లు నడిపింది. ఒక్క మాట అనలే ఆమె. అనకపోవుడే సంపత్‌కు ఎక్కువ గుచ్చుకున్నది.

గసొంటప్పుడు ఈ సీటు దొరికింది. నడుము నొప్పోడు గూడ కూసోగలిగే డ్రైవర్ సీటు భూమ్మీద ఇదొక్కటే. ఇది పోతె ఇంకోటి లేదు. గది సంపత్‌కు ఎరుకే, శోభకు ఎరుకే. అందుకే పొద్దుగాల మూడున్నరకే లేశి ఆమె చాయ్ పెడుతుండె, ఈయన అంగీ తనే ఇస్త్రీ చేసుకుంటుండె.

నెలరోజులు ఏ పరేషాన్ లేదు. లైట్ల సంగతే జరంత ఇబ్బంది. బండి తన లైట్లు తనే ఎలిగించుకుంటది, గట్టయ్య మలుపు కాడ ఆర్పమంటె ఆర్పది. "తప్పురా సంపతూ, తప్పు జరుగుతాంది" అని పోశం కాక రోజు గొణుగుడే. తలకాయలైతె అందరు దించుతనే ఉన్నరు.

ఓ మంగళారం. తెల్లారగట్ల ఐదున్నర గావొస్తాంది, ఇంకా చీకటే. పొగమంచు. మలుపు తిరుగుతాంది బండి...

గక్కున బ్రేకు పడ్డది.

"ఎదుట ఒక మనిషి ఉన్నారు. బస్సు ఆగుతున్నది."

సంపత్ తలెత్తి సూసిండు. అద్దంల మంచు, మంచు మీద లైట్ల తెలుపు. రోడ్డు ఖాళీ. ఎవ్వలు లేరు. తెర మీద సూసిండు — పచ్చటి డబ్బా. ఎడమదిక్కు, రోడ్డు అంచుకు. డబ్బా లోపట ఎర్రగ, మసకగ... కూసున్న మనిషంత ఎత్తుల ఏదో.

మల్ల అద్దంలకెల్లి సూసిండు. ఏం లేదు.

ఎవ్వలు తలెత్తలే. అరనిమిషం అట్లనే ఉండి, బండి జర కుడికి జరిగి మెల్లగ కదిలింది.

దిగేటప్పుడు పోశం కాక సంపత్ చెవుల నోరు పెట్టి అడిగిండు. "కనబడ్డదా?"

"లే కాకా. నాకేం కనబడలే."

"బండికి?"

సంపత్ తెర దిక్కు సూసిండు. పోశంకు అర్థమైపోయింది. పొద్దుగూకే వరకు గోదావరిఖనంత పాకింది — మనుషులకు కనబడనోడు మిషిన్‌కు కనబడ్డడని.

బుధారం ఆగింది. బేస్తారం ఆగింది. శుక్రారం, శనివారం... అదే మలుపు, అదే గొంతు, అదే డబ్బా. శనివారం నాడు సంపత్ కొంచెం ధైర్యం చేసి, సీట్లకెల్లి లేవకుంటనే, పక్క అద్దం దించి, తలకాయ బయటపెట్టి, ముంగట ఎడమ అంచుకు ఫోన్ బత్తి కొట్టిండు. టిప్పర్లల్లకెల్లి రాలిన బొగ్గు... దుమ్ము... రోడ్డంచుకు మోకాలెత్తు నల్లటి కుప్పొకటి. మట్టో, బొగ్గో. గంతే. జల్ది అద్దం ఎక్కిచ్చిండు.

మధ్యాహ్నం ఖాళీ బండితోని వాపసొస్తాంటె మల్ల సూసిండు. కుప్ప లేదు.

అన్నం తినబుద్ధి కాలే ఆ పూట.

ఫిర్యాదు పోయింది. వినీత్ అని, బస్సు కంపెనీల ఇంజనీరు, జ్యోతినగర్ల ఉంటడు. వాళ్లది కోస్తా దిక్కు, తండ్రి ఉద్యోగం మీద ఈడికొచ్చి ఈడ్నే పెరిగిండు. మంచి పిలగాడే. ఆయితారం తెల్లారంగ తనే వచ్చి సంపత్ పక్కన నిలబడ్డడు.

మలుపొచ్చింది. బండి ఆగలే! సాఫ్‌గ తిరిగి పోయింది. డబ్బా లేదు, గొంతు లేదు.

"చూశారా సంపత్ గారూ, బానే ఉంది కదండీ," అన్నడు వినీత్.

ఎనుక సీట్లకెల్లి పోశం కాక అందుకున్నడు. "ఇయ్యాల ఆయితారం గద సారూ. గట్టయ్య గూడ కార్మికుడే. సెలవు మీదున్నడు."

నవ్వులాటకే అన్నడు గని, ఎవ్వలకు నవ్వు రాలే. సోమారం నాడు మల్ల ఆగింది గద మరి. అప్పుడు ఆ మాట యాదికొచ్చి అందరికి చెమటలు పట్టినయ్.

ఆయితారం ఆ రోడ్డు మీద బొగ్గు టిప్పర్లు నడవయ్. ఆ సంగతి బస్సులున్న ముప్పై మందికి తెలుసు. దయ్యానికీ టిప్పర్లకూ ఏం సంబంధమని ఒక్కడంటె ఒక్కడు అడగలే. అట్ల ఉంటది మనోళ్ల తెలివి.

వినీత్ ఆఫీసుల కూసొని రికార్డు తీసిండు. సంపత్‌ను పిలిచిండు.

"సంపత్ గారూ, ఎన్నిసార్లు చూసినా బండి మాత్రం 'మనిషి' అనే అంటోందండీ. మీకు నిజంగా ఎవరూ కనపడలేదా?"

"లే సార్. ముప్పై మంది ఉంటిమి, ఒక్కలకు గూడ కనబడలే."

ముప్పై మంది తలకాయ దించుకొని ఉన్నరని మాత్రం చెప్పలే. అది చెప్పాల్సిన ముచ్చటని గూడ తోచలే. శనివారం కనబడ్డ కుప్ప సంగతి నోటిదాక వచ్చింది... పిచ్చోడనుకుంటడేమో అని మింగిండు.

వినీత్ గడ్డం గోక్కున్నడు. "ముప్పై మంది చూడలేదంటే ఇంకేం చేస్తాం. బండిదే పొరపాటని రాసేస్తాను."

అట్ల రాసిండు. బండి చెప్పింది అబద్ధం, మనుషులు చెప్పింది నిజమని కాయితం మీద పడ్డది.

మూడు దినాలకు జైపాల్ మూతి పగిలింది. ఖాళీ లేక నిలబడ్డడు పాపం. బ్రేకు పడంగనే ముంగటి రాడుకు మొఖం కొట్టుకొని రెండు పండ్లు ఊడినయ్. అంగీ మీదికి రక్తం. పైంగ ఆలస్యమై పదకొండు మందికి ఆ దినం మస్టర్ల హాజరు పడలే, నాగా రాసిండ్రు. ఇగ ఊకుంటరా? యూనియనోళ్లు గేటు కాడ కూసున్నరు — డ్రైవర్ లేని బండి మాకద్దు, మా పానాలతోని పరీక్షలు పెట్టద్దు అని.

తెల్లారి వినీత్ మొఖం గుంజుకొని వచ్చిండు. "పైనుంచి మెయిల్ వచ్చిందండీ. ఈ నెలాఖరులోపు కారణం లేకుండా ఇంకొక్కసారి ఆగితే బండిని వెనక్కి తీసుకుపోతారట."

"మరి... నేను సార్?"

వినీత్ నేల దిక్కు సూసిండు. "బండి లేకపోతే సీటెక్కడుంటుందండీ."

నెలాఖరుకు తొమ్మిది దినాలున్నయ్. సంపత్‌కు ఖాళీగున్న ఏడాదిన్నర యాదికొచ్చింది. పొద్దంత ఆ మంచం, ఆ గోడ, మిషిను సప్పుడు...

"ఓ పని చేద్దాం," అన్నడు వినీత్, అటుఇటు సూసి, గొంతు తగ్గిచ్చి. "ఆ మలుపు దగ్గర రెండొందల మీటర్లు మీరు చేత్తో నడిపేయండి. చేతిలోకి తీసుకుంటే బండి అరుస్తుంది గానీ బ్రేకు వేయదు. మీరు వేస్తేనే పడుతుంది. లైట్లూ అంతే, మీ చేతిలోనే ఉంటాయి."

సోమారం తెల్లారి అట్లనే చేసిండు. మలుపు రాకముందే మీట నొక్కిండు. ఏడాదిన్నర తర్వాత స్టీరింగు చేతులకు బరువు తెలిసింది. లైట్లు ఎలిగే ఉన్నయ్.

"ఎదుట ఒక మనిషి ఉన్నారు."

సంపత్ కాలు బ్రేకు మీదికి పోబోయింది. ఆపుకున్నడు.

"ఎదుట ఒక మనిషి ఉన్నారు... ఒక మనిషి ఉన్నారు..."

తెర మీద పచ్చటి డబ్బా ఎడమకు, అంచుకు, మెల్లగ పక్కకు జరిగింది. బస్సు పక్కపొంటే... పోశం కాక కూసున్న కిటికీ పక్కపొంటే... ఎనుకకు పోయింది. అద్దంల మాత్రం మంచు తప్ప ఏం లేదు. మలుపు దాటినంక గొంతు ఆగింది.

బండి ఆగలే. మస్టర్ టయానికి పడ్డది. దిగేటోళ్లు సంపత్ బుజం తట్టి పోతాండ్రు. పోశం కాక ఒక్కడే దిగకుంట నిలబడ్డడు.

"నా పక్కపొంటి పోయిందిరా అది."

"కాకా..."

"బత్తి ఆర్పకుంట పోయినవ్ సంపతూ. ఎదురుంగ మొఖం మీదనే కొట్టినవ్. ఇన్ని దినాలు మిషిన్ కొట్టింది, దానికి తెల్వది అనుకుందం. ఇయ్యాల స్టీరింగు నీ చేతుల ఉండె గద? బాయి కాడి నీళ్లు తాగినోనివి, నీకు తెల్వదా? వాడు నిన్ను యాది పెట్టుకుంటడు."

ఆ రాత్రి సంపత్‌కు నిద్ర రాలే. అటు పొర్లుడు, ఇటు పొర్లుడు. శోభ లేశి కూసున్నది.

"ఏందయ్యా, గట్లున్నవ్? సీటు పోతదనా, గట్టయ్య వస్తడనా? దేనికి భయపడుతున్నవ్?"

"రెండిటికి."

శోభ మెల్లగ అన్నది. "మంది ఎట్ల చేస్తె గట్ల చెయ్. పెద్దోళ్లు ఊకెనే పెట్టరు పద్ధతులు. నీ సీటు నీకుండాలె, నువ్వు మంచిగుండాలె. నాకు గంతే."

ఆమె తప్పేం లేదు. ఎవ్వలైనా గదే చెప్పేటోళ్లు.

మంగళారం. అసొంటి మంచు ఆ ఏడు మల్ల పడలే. కాలనీ దాటంగనే రోడ్డు మాయమైపోయింది. బండి మాత్రం తన తొవ్వ తాను పట్టుకొని, సప్పుడు లేకుంట పోతాంది. పాత బాయి గేటు దాటింది. తుమ్మలు మొదలైనయ్.

సంపత్ మీట నొక్కిండు. స్టీరింగు చేతులకొచ్చింది.

ఎనుకకు మర్రకుంటనే అన్నడు, "కాకా... ఆర్పుతున్న."

"ఆర్పు బిడ్డా."

టక్... లైట్లు పోయినయ్.

చీకటి మీదపడ్డది. ముప్పై తలకాయలు కిందికి ఒరిగినయ్. పోశం కాక లెక్క మొదలువెట్టిండు, లోగొంతుతోని. అందరు కలిసిండ్రు, గుడిల జపం చేసినట్టు.

"ఒకటి... రెండు..."

ఇరవై రెండేండ్లు తిప్పిన మలుపు. కండ్లు మూసుకొని తిప్పుతడు సంపత్.

"మూడు... నాలుగు..."

"ఎదుట ఒక మనిషి ఉన్నారు."

సంపత్ వద్దనుకుంటనే తెర దిక్కు సూసిండు.

పచ్చటి డబ్బా... ఎడమకు లేదు. రోజుండే అంచుకు లేదు. నడిమిట్ల ఉన్నది! రోడ్డు నడిమిట్ల, బండికి సక్కగ ఎదురుంగ. కూసొని లేదు... నిలబడ్డది.

"కాకా," అన్నడు సంపత్. "కాకా... ముంగటికొచ్చింది."

"ఆపకు!" పోశం తలెత్తకుంటనే గుసగుసగ అరిచిండు. "ఆపకు బిడ్డా... ఆపితె ఎక్కుతది. ఐదు... ఆరు..."

"ఎదుట ఒక మనిషి ఉన్నారు. ఎదుట ఒక మనిషి—"

కాలు తనంతల తనే బ్రేకు మీదికి పోయింది. ఇరవై రెండేండ్ల అలవాటు. సంపత్ దాన్ని ఎనుకకు గుంజుకున్నడు. బండి ఆగితె సీటు పోతది. ఆగితె ఎక్కుతది. పండ్లు గరిచి, కండ్లు మూసుకొని, అదే కాలు పక్క పెడల్ మీద ఏసిండు.

"ఏడు..."

దబ్.

పెద్ద సప్పుడేం గాదు. నిండిన సంచి ఎత్తి కిందేసినట్టు. బండి ముంగట జరంత అదిరింది. ఎనిమిది అని ఎవ్వలు అనలే.

దయ్యానికి సప్పుడుంటదా?

ఆ ఒక్క ముచ్చట సంపత్ తలకాయల మెరిసింది. రెండు కాళ్లతోని బ్రేకు తొక్కిండు. లైట్లేసిండు.

రోడ్డంత బొగ్గు పెల్లలు. చిన్నయి, పెద్దయి, గిర్రున దొర్లి ఇంకా ఆగుతున్నయ్. చినిగిన యూరియా సంచి. ఒక రబ్బరు చెప్పు. ఇంకొంచెం అవతల నల్లటి గొంగడి... శనివారం సూసిన కుప్పంత ఉన్నది.

గొంగడి కదిలింది.

సంపత్ తలుపు తీసి దుంకిండు. నడుము కలుక్కుమన్నది, ఆగలే. ఉరికి మోకాళ్ల మీద కూలబడి గొంగడి తీసిండు. ముసలామె. అరవై అయిదు, డెబ్బై ఉంటయ్. నెరిసిన వెంట్రుకల నిండ బొగ్గుదుమ్ము. నడుముకు కింద ఏం బాగలేదు, సూడరాకుంటున్నది.

"అవ్వా! ఓ అవ్వా!"

ఆమె కండ్లు తెరిచింది. లైట్ల వెలుతురు మొఖం మీద పడి కండ్లు చికిలించింది. సంపత్ చేతిని పట్టుకున్నది. వేళ్లు ఇంకా వెచ్చగనే ఉన్నయ్.

"రోజు బత్తి జూశి పక్కకు కూసుంటుంటి గద కొడుకా..." అన్నది. గాలి ఎక్కువ, మాట తక్కువ. "ఇయ్యాల బత్తేది? సప్పుడు గూడ లేకపాయె..."

ఆమె పేరు కనకవ్వ. ఊరు ఓపెన్‌కాస్టు కింద పోయినంక అవతలి పునరావాస కాలనీల చిన్న రేకుల ఇంట్ల ఉంటాంది. పదిహేను దినాల సంది టిప్పర్లు ఈ తొవ్వన తిరుగుతున్నయ్, మలుపు కాడ బొగ్గు రాలుతాంది. తెల్లారకముందే వచ్చి సంచెడు ఏరుకొని పోతది. కావలోళ్ల జీపంటె భయం. దొరికితె సంచి గుంజుకుంటరు. అందుకే దూరంగ బత్తి కనబడితె చాలు, జీపా, బస్సా అని సూసుడు లేదు, రోడ్డంచుకు పోయి గొంగడి కప్పుకొని రాయి లెక్క కూసునేది. లైట్ల వెలుగుల నల్లగొంగడి ఎవ్వలకు కనబడలే. బండికొక్కదానికే కనబడ్డది. రోజు చెప్పుతనే ఉన్నది అది, రోజు బండి చెప్పింది నిజమే.

ఇవన్ని సంపత్‌కు తర్వాత తెలిసినయ్. అప్పుడైతె ఆ సంచి, ఆ బొగ్గు, ఆ ఒక్క మాట — గవే సాలినయ్.

ఒక చేత్తోని ఫోన్ తీసి అంబులెన్సుకు చేసిండు. ఏ ఊరు, ఏ రోడ్డు అని అవతల అడుగుతాండ్రు. గట్టయ్య మలుపు అన్నడు. గట్టయ్య ఎవరన్నరు. సంపత్‌కు ఏడుపొచ్చింది. పాత బాయి, కమాన్‌పూర్ రోడ్డు, జల్ది రాండ్రి సార్, జల్ది రాండ్రి అని మొత్తుకున్నడు.

"అవ్వా, వస్తాండ్రు. కండ్లు మూయకవ్వా, నీ కాళ్లు మొక్కుత, కండ్లు మూయకు..."

ఎనుక బస్సు మెట్టు కిర్రుమన్నది. పోశం కాక. దిగలే. తలుపు రాడు పట్టుకొని, తలకాయ ఇంకా కిందికే పెట్టి అడిగిండు.

"సంపతూ... ఎవలురా ఆడ?"

"మనిషే కాకా," అన్నడు సంపత్. "ఇన్ని దినాలు మనిషే."

పోశం తలెత్తిండు. ఎనుక ఒక్కొక్కలు లేశి కిటికీల కాడికి వచ్చిండ్రు. జైపాల్ అద్దానికి మొఖం ఆనించిండు. మంచుల, లైట్ల ముంగట, సంపత్ ఆ ముసలి చెయ్యిని రెండు చేతులల్ల పట్టుకొని కూసున్నడు. ఎవలో మెట్లు దిగబోయి ఆగిపోయిండ్రు.

బండి నెత్తిమీది డబ్బా గిర్రగిర్ర తిరుగుతనే ఉన్నది. తెరిచిన తలుపులకెల్లి ఆడపిల్ల గొంతు, ఎప్పటి లెక్కనే మర్యాదగ, చెప్పింది —

"ఎదుట ఇద్దరు మనుషులు ఉన్నారు."

సంపత్ ఇనలే. కనకవ్వ పెదవులు కదులుతాంటె చెవి దగ్గరికి పెట్టిండు. మాట రాలే. చిన్నగ ఊపిరి తగిలింది, అంతే. అవతల కంపెనీల షిఫ్టు సైరన్ మోగి ఆగిపోయింది. పట్టుకున్న వేళ్లు మెల్లగ వదులైనయ్...

గొంతు మల్ల చెప్పింది.

"ఎదుట ఒక మనిషి ఉన్నారు."